డిగ్రీ ఇప్పుడు దేనికోసం? నాణ్యత ఎక్కడ జారిపోతోంది?

మార్జిన్_నోట్స్

సిలబస్ కమిటీల్లో కూర్చునేవాళ్లు, పాఠాలు చెప్పేవాళ్లు, పట్టా చూసి ఉద్యోగాల్లోకి తీసుకునేవాళ్లు ఇక్కడ బోలెడుమంది ఉన్నారు కాబట్టి సూటిగా అడుగుతున్నాను. మూడేళ్లో నాలుగేళ్లో పెట్టి చదివే డిగ్రీ ఇప్పుడు దేనికోసం?

ఏ కోర్సు ఫైలు తెరిచినా మొదటి పేజీలో ఐదారు వాక్యాలుంటాయి. ఈ కోర్సు పూర్తయ్యేసరికి విద్యార్థి విశ్లేషించగలడు, రూపొందించగలడు, మూల్యాంకనం చేయగలడు అని. అదే కోర్సు ప్రశ్నపత్రం చూస్తే "నిర్వచించుము, లక్షణాలు రాయుము, తేడాలు తెలుపుము". కాగితం మీద ఆశయం పెరుగుతూ పోతోంది, పరీక్షలో అడిగేది మాత్రం తగ్గుతూ పోతోంది. ఉద్యోగానికి పనికొచ్చే చదువు కావాలని ఒక పక్క, ఆలోచన నేర్పే చదువు కావాలని ఇంకో పక్క గొడవ. నాకైతే ఈ రెండూ జరగడం లేదనిపిస్తోంది. ఎక్కడ పట్టుకుంటే ఇది సరవుతుంది?

పాతపుస్తకం

ఒకప్పుడు యూనివర్సిటీ అంటే శుద్ధ జ్ఞానం, ఇప్పుడే ఉద్యోగాల యావ పట్టుకుంది అనే మాట ముందు పక్కన పెడదాం. మధ్యయుగపు యూరప్ యూనివర్సిటీల్లో వ్యాకరణం, తర్కం, వాగ్ధాటి ఒక మెట్టు, అంకగణితం, జ్యామితి, సంగీతం, ఖగోళం ఇంకో మెట్టు. ఇవి ముగించాకే న్యాయశాస్త్రం, వైద్యం, మతశాస్త్రం. అంటే వృత్తుల్లోకి వెళ్లే దారే అది. పరిశోధన, బోధన ఒకే చోట ఉండాలన్న ఆలోచన బలంగా నాటుకున్నది 1810లో ప్రష్యా విద్యాధికారి హంబోల్ట్ చొరవతో బెర్లిన్ యూనివర్సిటీ పెట్టినప్పటి నుంచి. 1862లో అమెరికా మోరిల్ చట్టం తెచ్చి వ్యవసాయం, యంత్ర విద్యలు నేర్పే కాలేజీలకు భూములిచ్చింది.

అంటే ఉద్దేశాలు ఒకదాన్ని తోసేసి ఇంకొకటి రాలేదు. ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ వచ్చాయి. ఇప్పుడు ఒకే డిగ్రీ మీద మూడు బరువులున్నాయి: మనిషిని తీర్చిదిద్దడం, పని నేర్పడం, జల్లెడ పట్టి ఎవరు మెరుగో చెప్పడం. మూడోది మిగతా రెండింటినీ మింగేస్తోందని నా అభిప్రాయం.

నియామకం_డెస్క్

మూడో బరువు గురించి ఒప్పుకుంటాను. 1973లో ఆర్థికవేత్త స్పెన్స్ రాసిన సంకేత సిద్ధాంతం అదే కదా. డిగ్రీలో ఏం నేర్చుకున్నాడన్నది పక్కన పెట్టినా, దాన్ని పూర్తి చేయగలిగాడన్నదే ఒక సమాచారం. దరఖాస్తులు కుప్పలుగా వచ్చినప్పుడు పట్టా, మార్కుల శాతం అనేవి చౌకగా దొరికే జల్లెడలు.

కానీ ఆ జల్లెడ కన్నాలు పెద్దవైపోయాయి. ఇంగ్లండ్‌లో ఫస్ట్ క్లాస్ (అక్కడ డిగ్రీలో అన్నిటికంటే పై శ్రేణి) వచ్చినవాళ్లు 2010–11లో దాదాపు 16 శాతం ఉంటే, 2020–21 నాటికి 38 శాతం దగ్గరికి వెళ్లారు. కొంత కోవిడ్ కాలపు సడలింపు వల్ల, కానీ అంతకుముందు నుంచే పెరుగుతోంది. అందరికీ మంచి గ్రేడే ఉంటే గ్రేడు చూసి మాకు తెలిసేదేమీ ఉండదు. అప్పుడు సంస్థలు తమ పరీక్ష తాము పెట్టుకుంటాయి. అది నేరుగా "డిగ్రీ చూడం" దాకా పోతోంది.

బ్యాక్‌బెంచ్

మరి కాలేజీలో కంపెనీకి కావలసిన టూల్స్ నేర్పితే సరిపోతుంది కదా. ఈ చరిత్ర అంతా ఎందుకు?

నియామకం_డెస్క్

@బ్యాక్‌బెంచ్ అలా అడిగే సంస్థలున్నాయి, అయినా అది పొరపాటు. ఒక సాఫ్ట్‌వేర్‌లో ఏ మెనూలో ఏ బటన్ ఉందో సెమిస్టర్ పొడుగునా నేర్పితే, డిగ్రీ చేతికొచ్చేలోపు ఆ మెనూ మారిపోతుంది. డేటాబేస్‌ల సంగతే చూడండి. సమాచారాన్ని పట్టికలుగా అమర్చే రిలేషనల్ మోడల్ మీద కంప్యూటర్ శాస్త్రవేత్త కాడ్ పేపర్ రాసింది 1970లో. పట్టికల మధ్య సంబంధాలు, ఒకే సమాచారాన్ని రెండు చోట్ల పెడితే వచ్చే చిక్కులు, ఒక్కో వరుసను గుర్తుపట్టే కీ ఎందుకు కావాలి అన్నవి ఇప్పటికీ అవే. ఇవి వచ్చినవాడికి కొత్త టూల్ నేర్పడం చిన్న పని. టూల్ మాత్రమే వచ్చినవాడికి ఇవి నేర్పాలంటే మళ్లీ మొదటి నుంచి రావాలి.

మేం చూసేది ఏమిటంటే, రెండొందల వరుసల అమ్మకాల షీటు ఇచ్చి నలభై ఐదు నిమిషాలు టైమిస్తాం. అందులో ఒకే కస్టమర్ పేరు రెండు స్పెల్లింగ్‌లతో ఉంటుంది, కొన్ని తేదీల్లో రోజు, నెల తారుమారై ఉంటాయి, కొన్ని మొత్తాలు ఖాళీ. ఏ నెలలో అమ్మకం పడింది, ఎందుకనుకుంటున్నారు, మీ లెక్క మీద మీకెంత నమ్మకం అని మూడే ప్రశ్నలు. ఎక్కువమంది నేరుగా సగటు తీసేస్తారు. ఖాళీ గడి అంటే సున్నానా, సమాచారం లేదా అని ఆగి అడిగేవాళ్లు తక్కువ. ఆ ఆగి అడగడమే నాకు డిగ్రీ నుంచి కావాలి. అది ఏ టూల్ కోర్సులోనూ రాదు.

పాతపుస్తకం

చూశారా, ఉద్యోగం వైపు నుంచి మాట్లాడుతున్న మనిషే ఆలోచన కావాలంటున్నారు. అలాంటప్పుడు ఈ రెండు పక్షాల గొడవకు అర్థం లేదు.

ఆరో_సెమిస్టర్

విద్యార్థి వైపు లెక్క కూడా చూడండి. సెమిస్టర్‌కు ఏడు సబ్జెక్టులు. ఒక్కోదానికి రెండు ఇంటర్నల్స్, ఒక అసైన్‌మెంట్, ఒక సెమినార్. ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది. పదిహేను వారాల్లో ఇరవై ఎనిమిది మార్కుల పనులు, అంటే వారానికి దాదాపు రెండు. వీటిలో ఏ ఒక్కదాని మీదా రెండు మూడు రోజులు కూర్చుని ఆలోచించే వీలుండదు. అసైన్‌మెంట్ అంటే పుస్తకంలోంచి పది పేజీలు ఎత్తి రాయడం ఎందుకవుతుందో ఇక్కడే తెలుస్తుంది. సోమరితనం అని తేల్చేయకండి.

మార్జిన్_నోట్స్

@ఆరో_సెమిస్టర్ ఇది చాలా ముఖ్యమైన మాట. క్రెడిట్ల (ఏ సబ్జెక్టుకు ఎంత పని అని ఇచ్చే పాయింట్ల) లెక్క వేసేటప్పుడు ఈ ఇరవై ఎనిమిది ఎవరి కంటికీ ఆనవు. ఎందుకంటే ప్రతి సబ్జెక్టు టీచరూ తన నాలుగే చూసుకుంటారు.

పాతపుస్తకం

క్రెడిట్ పుట్టుక తెలిస్తే ఇంకా బాధ కలుగుతుంది. 1906 ప్రాంతంలో కార్నెగీ ఫౌండేషన్ కాలేజీ అధ్యాపకులకు పింఛన్లు ఇవ్వాలనుకుంది. ఏది నిజమైన కాలేజీ అని తేల్చడానికి, హైస్కూల్లో ఫలానా ఇన్ని యూనిట్లు చదివినవాళ్లనే చేర్చుకోవాలని షరతు పెట్టింది. యూనిట్ అంటే సుమారు 120 గంటల తరగతి. ఆ లెక్కే కాలేజీల్లోకి పాకి క్రెడిట్ అవర్ అయింది. కూర్చున్న గంటలను కొలవడానికి పుట్టిన కొలబద్ద అది. నేర్చుకున్నదాన్ని కొలవడానికి పుట్టింది కాదు.

సగటు_విచలనం

పుట్టుక ఏదైనా, సరిగ్గా వాడితే క్రెడిట్ పనికొస్తుంది. యూరప్ దేశాలు కలిసి వాడే ఈసీటీఎస్ క్రెడిట్ పద్ధతిలో ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని. ఇందులో క్లాసు, చదువుకోవడం, రాయడం, పరీక్షకు తయారవడం అన్నీ కలిపి. అమెరికా లెక్కలో వారానికి ఒక గంట క్లాసుకు రెండు గంటల బయటి పని. అంటే రెండు పద్ధతుల్లోనూ ఇంట్లో చేసే పనే ఎక్కువ.

అసలు ఏం జరుగుతోందంటే, బాబ్‌కాక్, మార్క్స్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికా సర్వేలు పోల్చి చూశారు. పూర్తికాలం చదివే విద్యార్థి క్లాసు బయట చదివే సమయం 1961లో వారానికి సుమారు 24 గంటలు, 2003కి సుమారు 14. ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లు పెరిగారు కాబట్టి అనుకోవచ్చు. కానీ పని చేయనివాళ్లలోనూ తగ్గింది. దాదాపు అన్ని సబ్జెక్టుల్లోనూ, అన్ని రకాల కాలేజీల్లోనూ తగ్గింది. పట్టా మాత్రం అదే, క్రెడిట్లూ అవే.

వాదన_ప్రియ

ఇక్కడ నాకొక అభ్యంతరం ఉంది. నాణ్యత పడిపోయింది అనేవాళ్లు చాలాసార్లు చెప్పదలచుకున్నది "ఇప్పుడు అందరూ చదువుతున్నారు" అని. సమాజశాస్త్రవేత్త మార్టిన్ ట్రో 1973లో వేసిన గీతలున్నాయి కదా. ఆ వయసువాళ్లలో 15 శాతం లోపు చేరితే కొద్దిమంది చదువు, 50 దాకా అయితే జనసామాన్యపు చదువు, ఆపైన సార్వత్రికం. పదిమందిలో ఒకడు చదివేటప్పటి సగటునీ, ఆరుగురు చదివేటప్పటి సగటునీ పక్కపక్కన పెట్టి "పడిపోయింది" అనడం న్యాయం కాదు. మొదటి తరంలో డిగ్రీ గడప తొక్కినవాళ్ల మీద ఆ నింద పడుతోంది.

సగటు_విచలనం

@వాదన_ప్రియ వందశాతం ఒప్పుకుంటాను. అందుకే చివరి మార్కు చూడకూడదు, ఎంత కదిలారో చూడాలి. భౌతికశాస్త్రంలో దీనికి మంచి దారి వేశారు. ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ అని 1992లో వచ్చిన పరీక్ష. బలం, చలనం మీద లెక్కలు లేని బహుళైచ్ఛిక ప్రశ్నలు. కోర్సు మొదట్లో ఒకసారి, చివర ఒకసారి పెడతారు. వచ్చిన తేడాను, మొదట్లో ఇంకా రావలసి ఉన్నదానితో భాగిస్తారు. మొదట 40 శాతం, చివర 55 అనుకోండి. కదిలింది 15, కదలడానికి చోటున్నది 60, కాబట్టి 0.25.

1998లో ఫిజిక్స్ అధ్యాపకుడు హేక్ ఆరు వేలకు పైగా విద్యార్థుల లెక్కలు పోగేసి చూస్తే, ఉపన్యాసమే ఉన్న తరగతుల్లో ఈ సంఖ్య సగటున 0.23. విద్యార్థులు మాట్లాడుకుంటూ, సమస్యలు విప్పుతూ నేర్చుకున్న తరగతుల్లో 0.48. ఎవరు చేరారన్నది కాదు, తరగతిలో ఏం జరిగిందన్నదే తేడా తెచ్చింది.

బ్యాక్‌బెంచ్

ఉపన్యాసం బాగుంటే? గంట సేపు కదలకుండా వినబుద్ధేసే మాస్టార్లుంటారు.

సగటు_విచలనం

ఉంటారు. చిక్కు కూడా అక్కడే ఉంది. 2019లో హార్వర్డ్‌లో ఫిజిక్స్ విద్యార్థులనే రెండు రకాల తరగతుల్లో కూర్చోబెట్టి చూశారు. తామే సమస్యలు విప్పిన తరగతిలో ఎక్కువ నేర్చుకున్నారు, కానీ తక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు. చక్కటి ఉపన్యాసం వింటే అంతా అర్థమైపోయినట్టే ఉంటుంది. తడబడుతూ చేసిన పని తెలియనట్టే ఉంటుంది. అందుకే సెమిస్టర్ చివర విద్యార్థులు ఇచ్చే రేటింగ్ చూసి టీచర్ బాగా నేర్పారో లేదో తేల్చకూడదు.

ఎర్రసిరా

మొదటి పోస్టులో మార్జిన్_నోట్స్ గారు అడిగిన ప్రశ్నపత్రం దగ్గరికి ఎవరూ రాలేదు. నా వరకు డిగ్రీ ఉద్దేశం కోర్సు ఫైల్లో ఉండదు, ప్రశ్నపత్రంలో ఉంటుంది. విద్యార్థులు చదివేది దాన్నే.

ఒక పేపర్ తీసుకుని లెక్క వేద్దాం. ఐదు యూనిట్లు, యూనిట్‌కు రెండు ప్రశ్నలు, మొత్తం పది. "ఏవైనా ఐదు రాయండి". మూడు యూనిట్లు చదివితే ఆరు ప్రశ్నలు చేతిలో ఉంటాయి. ఐదు రాసి వందకు వంద తెచ్చుకోవచ్చు. సిలబస్‌లో 40 శాతం ముట్టుకోనక్కర్లేదు. పాసు మార్కు 40 అయితే? ఒక్క యూనిట్ చదివితే రెండు ప్రశ్నలు, ఒక్కోటి 20 మార్కులు, సరిగ్గా 40. ఐదో వంతు సిలబస్‌తో పట్టా.

దీనికి మందు యూనిట్ లోపల "ఇది లేదా అది" అని ఇవ్వడం. అప్పుడు ప్రతి యూనిట్ తాకాలి. కానీ అక్కడా ఒక కన్నం ఉంది. ఏటా ఒకే జత ప్రశ్నలు తిరిగి తిరిగి వస్తే, యూనిట్‌లో సగం చదివితే చాలు. అందుకని అన్ని యూనిట్ల నుంచి పది చిన్న ప్రశ్నలతో తప్పనిసరి భాగం ఒకటి పెట్టాలి, కనీసం 20 మార్కులకు. దీర్ఘ ప్రశ్నల్లో ఒక్కటైనా పుస్తకంలో లేని సందర్భం ఇచ్చి అడగాలి. "ద్రవ్యోల్బణం రకాలు రాయుము" బదులు, ఒక దేశంలో ఇంధన ధర పెరిగింది, వడ్డీ రేటు మారలేదు, జీతాలు ఆగిపోయాయి అని నాలుగు వాక్యాలిచ్చి, ఇది ఏ రకం, ఏ వాక్యం చూసి చెప్పారు అని. జవాబు పొట్టిగా ఉంటుంది, దిద్దడం కూడా సులువు.

బ్యాక్‌బెంచ్

ఒక్క యూనిట్ చదివితే పాసని ఇంత విడమరిచి రాశారు. ఈ పోస్టుకి ఇవాళ రాత్రికే ఎన్ని బుక్‌మార్కులు పడతాయో చూడండి 🙂

ఆరో_సెమిస్టర్

@బ్యాక్‌బెంచ్ మాకు కొత్తగా తెలిసిందేమీ లేదు. ఏ యూనిట్ వదలాలో మొదటి వారంలోనే సీనియర్లు చెప్పేస్తారు.

@ఎర్రసిరా మీరన్న సందర్భం ప్రశ్న మంచిదే, కానీ ఏడాదంతా గైడు పద్ధతిలో పాఠం చెప్పి చివరి పరీక్షలో ఒక్కసారిగా అలా అడిగితే అందరం పోతాం. తర్వాతి ఏడాది కమిటీ దాన్ని తీసేస్తుంది.

ఎర్రసిరా

@ఆరో_సెమిస్టర్ నిజం. అలాంటి మార్పులు చాలాచోట్ల సరిగ్గా ఇలాగే చచ్చిపోతాయి. కాబట్టి తిప్పి చెయ్యాలి. మూడో వారం నుంచి వారానికి ఒకటి చొప్పున అదే రకం ప్రశ్న క్లాసులో పదినిమిషాలు ఇవ్వాలి, మార్కుల్లేకుండా. జవాబు ఎలా ఉండాలో రెండు నమూనాలు చూపించాలి, ఒకటి బాగున్నది, ఒకటి నడిచేది. చివరి పరీక్షకు వచ్చేసరికి పదిసార్లు చేసిన పని అవుతుంది. గుర్తు తెచ్చుకుని రాయడం మళ్లీ మళ్లీ చదవడం కంటే వారం తర్వాత ఎక్కువ నిలుస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికే 2006లో చూపించారు, ఆ లాభం కూడా కలిసొస్తుంది.

లోలకం

ప్రాక్టికల్స్ గురించి ఎవరూ మాట్లాడరేం? సైన్సు డిగ్రీలో బోలెడు డబ్బు, బోలెడు సమయం ల్యాబుకే పోతుంది. అక్కడ జరిగేది మాన్యువల్ చూసి రీడింగులు తీయడం, సీనియర్ రికార్డు చూసి గ్రాఫు సరిచేయడం. థియరీని బలపరచడానికే పెట్టిన ల్యాబులు ఆ పని కూడా చేయడం లేదని ఫిజిక్స్ బోధన మీద పరిశోధన చేసే హోమ్స్, వీమన్ 2018లో రాశారు. మూడు యూనివర్సిటీల్లో తొమ్మిది కోర్సులు చూశారు. ల్యాబు చేసినవాళ్లకీ చేయనివాళ్లకీ థియరీ పరీక్షలో తేడా సున్నాకి దగ్గర.

అదే సామాను, వేరే ప్రశ్న. లఘులోలకం తీసుకోండి. "g (గురుత్వ త్వరణం) విలువ కనుక్కోండి" అంటే 9.8 వచ్చేదాకా రీడింగులు దిద్దుతారు. దాని బదులు "10 డిగ్రీల నుంచి వదిలితే, 20 డిగ్రీల నుంచి వదిలితే ఆవర్తన కాలం (ఒక ఊపు పూర్తయ్యే సమయం) ఒకటేనా?" అని అడగండి. పుస్తకం ఒకటే అంటుంది. మీటరు పొడవు లోలకానికి కాలం రెండు సెకన్ల పైచిలుకు. నిజమైన తేడా దాదాపు 0.011 సెకను, అంటే అర శాతం పైన కొంచెం. స్టాప్‌వాచ్ నొక్కడంలో వచ్చే తేడా 0.2 సెకను అనుకుంటే ఒక్క ఊపు కొలిస్తే ఏమీ కనబడదు. పది ఊపులు కలిపి కొలిస్తే ఒక్కో ఊపుకి 0.02, ఇంకా చాలదు. దాన్నే పదిసార్లు చేసి సగటు తీస్తే 0.006. ఇప్పుడు తేడా కనబడడం మొదలవుతుంది.

ఇక్కడ అసలు చదువు మొదలవుతుంది. ఎవరో ఒకరు తెలివిగా యాభై ఊపులు ఒకేసారి కొలుస్తారు. గాలి వల్ల ఊపు తగ్గిపోయి 20 డిగ్రీలది 20గా ఉండదు, తేడా చిన్నదైపోతుంది. ఎందుకలా అయిందని వాళ్లే తల బద్దలు కొట్టుకోవాలి. ఇంకెవరో పుస్తకం చెప్పినట్టే రావాలని తప్పుడు రీడింగు రాసేస్తారు. దొరికిపోతారు, ఎందుకంటే ఇక్కడ పుస్తకం చెప్పిన జవాబు చిన్న కోణాలకు వేసిన అంచనా మాత్రమే. ఖర్చు ఒక దారం, ఒక గుండు, ఒక స్టాప్‌వాచ్.

నియామకం_డెస్క్

@లోలకం నేను షీటులో వెతికే లక్షణం ఇదే. ఖాళీ గడి చూసి ఆగే మనిషి, తప్పుడు రీడింగు రాసేయకుండా ఆగే మనిషి ఒక్కరే.

మార్జిన్_నోట్స్

లోలకం గారి పోస్టు ప్రింటు తీసి దగ్గర పెట్టుకున్నాను. ఒక ఆచరణ సందేహం: ఈ పద్ధతిలో మార్కులెలా వేస్తారు? "సరైన జవాబు" ఉండదు కదా.

లోలకం

జవాబుకు మార్కుల్లేవు. పదికి నాలుగు: కొలతలో అనిశ్చితి ఎంతో లెక్కవేసి రాశారా. మూడు: మొదటి ప్రయత్నం చూసి రెండో ప్రయత్నంలో ఏం మార్చారు, ఎందుకు. మూడు: ముగింపు వాళ్ల రీడింగులకు కట్టుబడి ఉందా. ల్యాబు నోట్సు పెన్నుతో అక్కడికక్కడే రాయాలి, కొట్టివేతలు ఉంచాలి. తర్వాత ఇంటికెళ్లి అందంగా రాసే రికార్డు పూర్తిగా ఎత్తేయాలి. దాన్ని ఉంచితే అంతా మళ్లీ పాతదారికి వస్తుంది.

వాదన_ప్రియ

ఇవన్నీ బావున్నాయి కానీ ఏఐ వచ్చాక ఇంటి దగ్గర రాసే ప్రతిదీ అనుమానమే. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. ఏఐ రాసిందో మనిషి రాశాడో పట్టేస్తామని చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ తనే పెట్టిన పనిముట్టును కచ్చితత్వం చాలక 2023 జులైలో తీసేసింది. పట్టుకునే పనిముట్లను నమ్మి పిల్లల మీద కాపీ ముద్ర వేస్తే, నిజంగా రాసినవాళ్లు కూడా బలవుతారు.

ఎర్రసిరా

పట్టుకోవడం మీద ఒక్క గంట కూడా పెట్టొద్దు. రాసినదాని మీద మాట్లాడించండి. ఒక్కొక్కరికి పది నిమిషాలు, మూడు ప్రశ్నలు. మీ వ్యాసంలో ఈ వాక్యం ఎందుకుంది? ఈ సంఖ్య సగమైతే మీ ముగింపులో ఏది మారుతుంది? ఇది తప్పని వాదించాలంటే ఎక్కడ పట్టుకుంటారు? రాయించుకొచ్చినవాళ్లు రెండో ప్రశ్న దగ్గర ఆగిపోతారు. ఏఐ సాయం తీసుకున్నా విషయం పట్టినవాళ్లు నిలబడతారు. వాళ్లు నిలబడితే నాకు అభ్యంతరం లేదు.

మార్జిన్_నోట్స్

అరవై మంది క్లాసులో ఇది కుదురుతుందా?

ఎర్రసిరా

అరవై పదులు ఆరు వందల నిమిషాలు, పది గంటలు. అరవై వ్యాసాలు ఒక్కోటి పావుగంట చొప్పున దిద్దితే పదిహేను గంటలు. అంటే దిద్దడం కంటే వైవాయే తక్కువ. వ్యాసాన్ని పైపైన చదివి, మాటల్లో అడిగి, అక్కడే మార్కు వేసేస్తే సరి. సబ్జెక్టుకు నాలుగు పనుల బదులు ఒక్కటి పెట్టి దానికి ఇలా చెయ్యాలి. ఆరో_సెమిస్టర్ లెక్క వేసిన ఇరవై ఎనిమిది కూడా దిగివస్తుంది.

జాగ్రత్త ఒకటుంది. వైవాలో మొహమాటం, భాష తడబాటు మార్కుల్లోకి రాకూడదు. ప్రశ్నలు ముందే చెప్పేయండి, విద్యార్థికి వచ్చిన భాషలో చెప్పనివ్వండి, రెండు నిమిషాలు ఆలోచించుకోనివ్వండి. లేకపోతే చురుగ్గా మాట్లాడేవాళ్లకే మార్కులు పడతాయి.

పాతపుస్తకం

ఇంత సమయం ఎక్కడిదని అడుగుతారు. నా జవాబు: ఫైళ్ల నుంచి తీసుకోండి. విద్యార్థికి చివరికి ఏం రావాలో రాసే "ఫలితాలు" కోర్సుకు ఆరు, ప్రోగ్రామ్‌కు (అంటే మొత్తం డిగ్రీకి) పన్నెండు. ఏది దేనికి తోడ్పడుతుందో చూపే పట్టికలో గళ్లు డెబ్బై రెండు. నలభై కోర్సులకు 2880 గళ్లు. ప్రతి గడిలో ఎంత తోడ్పడుతుందో 1, 2, 3 అని వేయాలి. ఫలితాలు రాసుకోవడం మంచి ఆలోచనే. గుర్తుంచుకోవడం నుంచి మూల్యాంకనం దాకా బ్లూమ్ 1956లో వేసిన మెట్లు కూడా పరీక్షలో ఏం అడుగుతున్నామో సరిచూసుకోవడానికి పుట్టినవే. కానీ గడి నింపడమే లక్ష్యమైతే ఫలితం నుంచి వెనక్కి లెక్కకట్టి నింపుతారు. అక్కడ పోయే గంటలు అధ్యాపకుల జీవితంలోంచి పోతున్నాయి. దీన్ని తేలిగ్గా తీసుకోలేను.

మార్జిన్_నోట్స్

@పాతపుస్తకం అక్రిడిటేషన్ (కాలేజీ నాణ్యతకు ఇచ్చే గుర్తింపు) కావాలంటే గళ్లు తప్పవు. కానీ ప్రతి గడీ నింపాలని ఎక్కడా లేదు. కోర్సుకు రెండు మూడు ప్రోగ్రామ్ ఫలితాలకే ముడిపెట్టి, ఒక్కోదానికి ఎదురుగా ఏ పరీక్షలో ఏ ప్రశ్న అని రాస్తే చాలు. ప్రశ్న చూపించలేని గడి ఖాళీగా వదిలేయడమే నిజాయితీ.

సగటు_విచలనం

ప్రశ్న చూపించినా అది పనిచేసిందో లేదో చూడాలి. పరీక్ష అయ్యాక అరగంట పని. బిట్ల పేపర్‌కు చాలా సులువు. వందమంది రాశారనుకోండి. మొత్తం మార్కుల్లో పైన ఉన్న 27 మందిని, కింద ఉన్న 27 మందిని తీయండి. ఒక ప్రశ్నకు పైవాళ్లలో 24 మంది, కిందివాళ్లలో 9 మంది సరిగ్గా రాశారు. తేడా 15, భాగించు 27, అంటే 0.56. చాలా మంచి ప్రశ్న. 0.2 కంటే తక్కువైతే ప్రశ్న ఎవరినీ విడదీయడం లేదని. పైవాళ్లలో 11, కిందివాళ్లలో 14 వస్తే మైనస్ 0.11. అలాంటిది కనబడితే ముందు జవాబుల కీ చూడండి, చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది. కీ సరిగ్గా ఉంటే ప్రశ్నలోనే రెండర్థాలుండి, బాగా చదివినవాళ్లు రెండో అర్థం పట్టుకుని ఉండొచ్చు.

వాదన_ప్రియ

అందరికీ వచ్చి తీరాల్సిన ప్రశ్నకు ఈ సంఖ్య తక్కువే వస్తుంది కదా. అందరూ సరిగ్గా రాస్తే సున్నా. దాన్ని చెడ్డ ప్రశ్న అని తీసేస్తే మళ్లీ జల్లెడ పట్టడమే డిగ్రీ పని అవుతుంది.

సగటు_విచలనం

@వాదన_ప్రియ మంచి పట్టు. అందుకే ఎంత శాతం మంది సరిగ్గా రాశారన్నదీ, ఈ విడదీసే సంఖ్యా రెండూ కలిపి చూడాలి. 90 శాతం మంది సరిగ్గా రాసి, విడదీసే సంఖ్య తక్కువుంటే, అది కనీస ప్రమాణం ప్రశ్న అయితే ఉంచేయండి, సంతోషించండి. 40 శాతమే సరిగ్గా రాసి, సంఖ్య తక్కువుంటేనే తీసేయాలి. కనీస ప్రమాణం ప్రశ్నలేవో పేపర్ పెట్టేముందే గుర్తు పెట్టుకుంటే తర్వాత తగవు ఉండదు.

ఆరో_సెమిస్టర్

వ్యాసరూప జవాబులకు ఇది కుదరదు కదా. ఒకే జవాబుకు ఒకరు 14, ఇంకొకరు 8 వేస్తే ఎవరిని నమ్మాలి?

ఎర్రసిరా

దిద్దడం మొదలుపెట్టే ముందు పది జవాబుపత్రాలు జిరాక్స్ తీసి, దిద్దేవాళ్లందరికీ ఇవ్వాలి. ఎవరికి వారు మార్కులు వేసి, తర్వాత కలిసి కూర్చుని మూడు మార్కుల కంటే ఎక్కువ తేడా వచ్చినవి మాత్రమే చర్చించాలి. ఎక్కువసార్లు కారణం ఒకటే ఉంటుంది: ఒకరు పొడవుకు వేస్తారు, ఇంకొకరు వాదనకు వేస్తారు. ఏదో ఒకటి తేల్చి రాసుకోవాలి. గంటన్నర పని. తర్వాత ప్రశ్నల వారీగా దిద్దాలి. ఒకే మనిషి అందరి మూడో ప్రశ్నా దిద్దాలి, ఒక విద్యార్థి పేపరంతా ఒక్కరే దిద్దకూడదు. మొదటి జవాబు బాగుందని రెండోదానికి చెయ్యి జారడం అలా తగ్గుతుంది.

మార్జిన్_నోట్స్

ప్రశ్నల వారీగా దిద్దాలంటే కట్టలు చేతులు మారుతుండాలి. పేపర్లు కలిసిపోకుండా, పేరు కనబడకుండా ఎలా చేస్తున్నారు?

ఎర్రసిరా

పై పేజీలో పేరున్న ముక్కను మడిచి అంటించి, దాని మీద ఒక కోడ్ నంబరు, లోపల ప్రతి ప్రశ్న మొదలయ్యే పేజీ మీద అదే నంబరు. కట్టకు ఇరవై పేపర్లు, పైన అట్ట మీద ప్రశ్న నంబర్ల పట్టిక. దిద్దిన ప్రశ్న దగ్గర సంతకం పెట్టి కట్ట పక్క టేబుల్‌కు పంపాలి. మార్కులు పేపర్ లోపల రాయొద్దు, విడి షీటులో కోడ్ నంబరు ఎదురుగా రాయాలి. అప్పుడు తర్వాత దిద్దేవాళ్లకు ముందువాళ్లు ఎంత వేశారో కనబడదు. నా దగ్గర ఆ పట్టిక నమూనా ఉంది, రేపు పెడతాను.